యేసు ప్రభువు ఏ జాతివాడు, చూడటానికి ఎలా ఉండేవాడు?

పాలకొల్లు సండే స్కూల్ టీచరు:
వేసవి వి.బి.ఎస్. (సెలవుల బైబిల్ బడి) కోసం మా మందిరం పక్క గది గోడ మీద, యేసు ప్రభువు పిల్లలను దీవిస్తున్న బొమ్మ వేయించాలనుకున్నాము. పెయింటరు నమూనాగా తెచ్చిన క్యాలెండరు పటంలో ఆయనకు నీలికళ్లు, తేనెరంగు జుట్టు ఉన్నాయి. అది దొరల రూపమని ఒక పెద్దాయన అభ్యంతరం చెప్పగా, యేసు ఆఫ్రికావాడని యూట్యూబులో చూశామని మరొకరు అన్నారు. దేనికి ఆధారం ఉందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

నరసాపురం పాఠకుడు:
టీచరు గారూ, జాతి విషయంలో సందేహానికి తావు లేదు. ఆయన గలిలయ ప్రాంతపు నజరేతులో పెరిగిన యూదుడు. యూదుల ఆచారం ప్రకారం ఎనిమిదో రోజున సున్నతి పొందినట్లు లూకా రాశాడు, బావి దగ్గర నీళ్లు అడిగినప్పుడు సమరయ స్త్రీ కూడా ఆయనను యూదుడనే అంది. ముఖం సంగతి వేరు. నాలుగు సువార్తల్లో ఎక్కడా ఆయన ఎత్తు గురించి గానీ, రంగు గురించి గానీ ఒక్క మాట లేదు. గెత్సేమనే తోటలో పట్టుకోవడానికి వచ్చినవారికి ఆయన ఎవరో చూపించడానికి ఇస్కరియోతు యూదా ముద్దు పెట్టుకోవలసి వచ్చిందంటే, శిష్యుల మధ్య ఆయన ప్రత్యేకంగా కనిపించేవాడు కాదని నేను అనుకుంటాను. ప్రకటన గ్రంథంలోని తెల్లని తలవెంట్రుకలు, అపరంజివంటి పాదాలు దర్శనంలోనివి కాబట్టి, వాటిని పట్టుకుని ఏ జాతివాడో తేల్చడం కుదరదు.

రాజమండ్రి, చరిత్ర విద్యార్థి:
పటాల కథ కూడా చెప్పుకోవాలి. సిరియాలోని దూరా యూరోపోస్‌లో సుమారు 235 నాటి ప్రార్థనా గృహపు గోడ మీద, పక్షవాయువు గలవాణ్ణి స్వస్థపరుస్తున్న యేసుకు గడ్డమే లేదు, జుట్టు పొట్టిగా ఉంటుంది. పొడవాటి జుట్టు, గడ్డం గల రూపం నాలుగో శతాబ్దం నుంచి స్థిరపడింది. గ్రీకు, రోమా దేవతామూర్తుల ప్రభావం అందులో ఉందని చాలామంది కళాచరిత్రకారుల అభిప్రాయం. మీ పెయింటరు తెచ్చిన పటం బహుశా అమెరికన్ చిత్రకారుడు వార్నర్ సాల్‌మన్ 1940లో వేసిన బొమ్మకు నకలో, నకలుకు నకలో అయి ఉంటుంది. ఇక 2001లో బి.బి.సి. కోసం, పుర్రెల నుంచి ముఖాలను పునర్నిర్మించే నిపుణుడు రిచర్డ్ నీవ్ తయారుచేసిన ముఖం ఆ కాలపు యూదుడొకరి పుర్రె ఆధారంగా చేసినదే తప్ప యేసు ముఖం కాదు. వాట్సాప్‌లో మాత్రం అదే 'అసలు ఫోటో' అని తిరుగుతోంది!

భీమవరం విశ్వాసి:
మన ప్రాంతానికి 1836లో వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ దొరల గోదావరి డెల్టా మిషను బ్రదరన్ అనే ప్రొటెస్టెంటు సంప్రదాయానిది. ఆ మందిరాల్లో పటాలు పెట్టే అలవాటు లేదు. బొమ్మే లేకపోతే ఈ తగాదా ఉండదు కదా.

పాలకొల్లు సండే స్కూల్ టీచరు:
అన్నా, చిన్నపిల్లలకు బొమ్మ కావాలి. పెయింటరుకు ఏమని చెప్పమంటారు?

నరసాపురం పాఠకుడు:
చామనచాయ, నల్లని కళ్లు, నల్లని పొట్టి జుట్టు, కురచ గడ్డం వేయమనండి. మగవాడికి పొడవు జుట్టు అవమానమని పౌలు కొరింథీయులకు రాశాడు కాబట్టి, భుజాల మీద జారే జుట్టు ఆనాటి వాడుక కాదని అర్థమవుతుంది. శాస్త్రులు నిలువుటంగీలు వేసుకుని తిరగడాన్ని ప్రభువే తప్పుపట్టాడు; అందుచేత పాదాల దాకా జారే తెల్లని అంగీ కాకుండా, మోకాళ్ల వరకు ముతక అంగీ, పైన కుచ్చులున్న పైవస్త్రం, కాళ్లకు చెప్పులు చాలు. చుట్టూ ఉన్న పిల్లలకూ అదే రంగు వేయించండి, వాళ్లూ గలిలయ, యూదయ పిల్లలే.