ప్రార్థన పుస్తకం మూడు వారాల్లోనే ఆగిపోతోంది, నిలవాలంటే ఎలా రాయాలి?

మిస్పా:
అందరికీ ప్రభువు నామంలో వందనాలు. ప్రార్థన పుస్తకం ఎన్నిసార్లు మొదలుపెట్టినా రెండు మూడు వారాలకు మించి సాగడం లేదు. విజ్ఞాపనల (ఇతరుల కోసం చేసే ప్రార్థనల) జాబితా 60 పేర్లు దాటింది, ప్రార్థన కాస్తా హాజరు పట్టీ చదివినట్టు అయిపోతోంది. ఎవరైనా చదువుతారేమోనని పాపాల ఒప్పుకోలు రాయలేకపోతున్నాను. జవాబు రానివాటిని ఏం చేయాలో తెలియదు. పద్ధతిగా రాసేవాళ్లు వివరంగా చెప్పగలరా?

దీపస్తంభం:
వందనాలండీ. ముందు పుస్తకాన్ని రెండుగా విడదీయండి. దేవునితో రోజూ మాట్లాడేది ముందు నుంచి రాయండి, విజ్ఞాపనలు పుస్తకం తిరగేసి వెనక నుంచి రాయండి. రెండూ ఒకే పేజీలో కలిస్తే జాబితా పెరిగి మాటలను మింగేస్తుంది. మీకు జరుగుతున్నది అదే.

తేదీలు అచ్చువేసిన డైరీ వద్దు. నాలుగు రోజులు తప్పితే నాలుగు ఖాళీ పేజీలు నిలదీస్తాయి, అయిదో రోజు తెరవబుద్ధి కాదు. 200 పేజీల రూళ్ల నోట్‌బుక్ చాలు. వెనక 20 పేజీలు వదిలి, రోజుకు అర పేజీ రాస్తే దాదాపు ఏడాది వస్తుంది. అర పేజీ దాటకండి. మొదటి వారం ఉత్సాహంలో మూడేసి పేజీలు రాసినవాళ్లే మూడో వారానికి అలసిపోతారు. తప్పిన రోజులను వెనక్కి వెళ్లి పూరించొద్దు, ఇవాళ్టి తేదీ వేసి సాగిపోండి.

సమయం 15 నిమిషాలు. 4 నిమిషాలు ఒక కీర్తన గానీ, సువార్తలో ఒక చిన్న భాగం గానీ నెమ్మదిగా చదవండి. 6 నిమిషాలు రాయండి. మిగతా 5 నిమిషాలు పుస్తకం మూసి నోటితో ప్రార్థించండి. ఈ చివరిది మానేస్తే అది ఉత్త డైరీ. బైబిల్ వాక్యం చదవకముందే కలం పట్టుకుంటే నిన్నటి చింతలే మళ్లీ కాగితం మీదికి వస్తాయి. చదివాక రాస్తే, దేవుడు ముందు మాట్లాడాడు, మనం బదులిస్తున్నాం అన్న వరుస నిలుస్తుంది. రాసేటప్పుడు ‘ప్రభువా, నువ్వు’ అనే రాయండి. ‘దేవుడు నాకు సహాయం చేయాలి’ అని రాస్తే అది ఆయన గురించిన మాట, ఆయనతో మాట కాదు.

ఇక ఆ 60 పేర్లు. రోజూ తప్పనివి 3 మాత్రమే ఉంచండి. మిగతా 57 పేర్లను ఏడు రోజులకు పంచితే రోజుకు 8 వస్తాయి, అదీ ఎక్కువే. ఒక్క మనవికే రాసుకున్న పేర్లను, ఆ పని అయిపోయి ఉంటే తీసేయండి. రోజుకు 5 దాటకపోతేనే ఒక్కొక్కరి ముఖం గుర్తు తెచ్చుకుని ప్రార్థించగలం.

వెనక పేజీలకు నాలుగు గళ్లు గీయండి: అడిగిన తేదీ, మనవి, ఆధారంగా పట్టుకున్న వాక్యం, జవాబు వచ్చిన తేదీ. మనవి స్పష్టంగా ఉండాలి. ‘వాళ్ల కుటుంబాన్ని ఆశీర్వదించు’ అని రాస్తే జవాబు వచ్చినా గుర్తుపట్టలేం. ‘అన్నదమ్ములిద్దరూ మళ్లీ మాట్లాడుకోవాలి’ అని రాస్తే గుర్తుపడతాం.

ఒలీవ కొమ్మ:
గళ్ల పద్ధతి మంచిదే, ఒక్క జాగ్రత్త చెప్పాలి. నాలుగో గడిని ‘వచ్చింది, రాలేదు’ అని నింపుతూ పోతే దేవునితో లెక్కలు చూసుకోవడంగా మారుతుంది. ‘అనుగ్రహించాడు’, ‘కనిపెడుతున్నాను’ (అంటే ఎదురుచూస్తున్నాను), ‘వేరుగా నడిపించాడు’ అని మూడు గుర్తులు పెట్టుకోండి. అపొస్తలుడైన పౌలు తన శరీరంలో ముల్లులా బాధించినది తొలగాలని ముమ్మారు వేడుకున్నాడు (2 కొరింథీ 12:8-9). ముల్లు పోలేదు, కృప దొరికింది. అది మూడో గుర్తు.

కనిపెట్టడానికి తేదీ ఎంత అవసరమో జార్జ్ ముల్లర్‌ను చూస్తే తెలుస్తుంది. బ్రిస్టల్‌లో అనాథాశ్రమాలు నడిపిన ఆయన 1844 నవంబరులో అయిదుగురి రక్షణ కోసం, అంటే వాళ్లు క్రీస్తును నమ్మాలని, రోజూ ప్రార్థించడం మొదలుపెట్టాడు. మొదటి వ్యక్తి మారడానికే 18 నెలలు పట్టింది. అందుకే ఆరు వారాలకు జవాబు రాలేదని వరుస కొట్టేయకండి. నెలాఖరున అరగంట కూర్చుని వెనక పేజీలన్నీ చదివి గుర్తులు మార్చండి. రోజూ తిరగేయొద్దు, విత్తనం మొలిచిందా అని మట్టి తవ్వి చూసినట్టు అవుతుంది.

రాయడానికి మాటలు రాని రోజున 13వ కీర్తన చట్రం వాడండి. మొదటి 2 వచనాల్లో దావీదు నాలుగుసార్లు ‘ఎంతకాలం’ అని అడుగుతాడు, 3-4లో మనవి చేస్తాడు, 5-6లో నమ్మిక. మీరూ అలాగే రెండు వాక్యాలు మొర, రెండు మనవి, రెండు నమ్మిక రాయండి. మొరను దాటవేసి నేరుగా స్తుతికి వెళ్తే రాసిన మనసుకే అది నిజమనిపించదు.

ఊట బావి:
ఒప్పుకోలుకు వేరే కాగితం వాడండి. పాపాన్ని పేరు పెట్టి రాయండి, 1 యోహాను 1:9 చదవండి, కాగితం చింపేయండి. పుస్తకంలో ‘ఒప్పుకున్నాను, క్షమించావు’ అని తేదీతో ఒక్క వరుస చాలు. ఎవరికైనా అన్యాయం చేసి ఉంటే మాత్రం చింపే ముందు ‘వెళ్లి సమాధానపడాలి (రాజీ కావాలి)’ అని ఆ వారం పేజీలో రాసుకోండి (మత్తయి 5:23-24).

ఇతరులు నమ్మి చెప్పిన రహస్యాలు అసలే రాయొద్దు. మొదటి అక్షరం, ఒక గుర్తు చాలు. వివరాలు దేవునికి తెలుసు.

ఇంకొకటి. మనసులో మెదిలిన ప్రతిదాన్నీ ‘దేవుడు చెప్పాడు’ అని రాయకండి. ‘నాకు తోచింది’ అని రాసి, అంచున చిన్న ప్రశ్న గుర్తు పెట్టండి. వాక్యంతో సరిచూసి (1 థెస్సలొనీకయులు 5:21), విశ్వాసంలో పెద్దవారితో మాట్లాడాకే ఆ గుర్తు తీయండి. పెళ్లి, ఉద్యోగం లాంటి నిర్ణయాల్లో ఈ ఒక్క జాగ్రత్త లేక దెబ్బతింటారు.

మిస్పా:
చాలా మేలు చేశారు. ఇంకొక్కటి అడుగుతాను. స్వస్థత కోసం రాసిన మనిషి చనిపోతే ఆ వరుసలో ఏం రాయాలి?

ఒలీవ కొమ్మ:
కొట్టేయకండి. తేదీ వేసి ‘ప్రభువు దగ్గరికి వెళ్లారు’ అని రాయండి. ‘వేరుగా నడిపించాడు’ అన్న గుర్తు అప్పుడే పెట్టాలని లేదు, చెయ్యి రాకపోతే గడి ఖాళీగా వదిలేయండి. ఆ రోజు పేజీ స్తుతితో ముగించాలనీ లేదు. 88వ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది, అదీ పరిశుద్ధ గ్రంథంలోని ప్రార్థనే. తర్వాత ఆ కుటుంబంలో మిగిలినవాళ్ల పేర్లు వారం జాబితాలో ఒక రోజుకు చేర్చండి, కనీసం ఒక ఏడాది ఉంచండి. అందరూ పలకరించడం ఆపేశాక వాళ్లకు ప్రార్థన ఎక్కువ అవసరం.