పిలాటస్ కొండ: పిలాతు పేరా, టోపీ పేరా?

ప్రశ్న: మాస్టారూ, దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో కేడెట్లు మొదట నేర్చుకునే విమానాన్ని పిలాటస్ అంటారు కదా. అది స్విట్జర్లాండ్‌లో ఒక కొండ పేరట. మేం చర్చిలో విశ్వాస ప్రమాణంలో చెప్పుకునే, యేసుకి శిక్ష వేసిన పొంతి పిలాతూ ఈ పిలాటసూ ఒకటేనా? కాదు, లాటిన్‌లో 'టోపీ పెట్టుకున్నది' అని దానర్థం అంటున్నారొకరు. ఏది నిజమండీ?

జవాబు: విమానం సంగతి తేలిక. దాన్ని తయారుచేసే కంపెనీ ఉన్నది స్టాన్స్ అనే ఊళ్లో. దగ్గర్లోని కొండ పేరు పెట్టుకున్నారు. చిక్కంతా కొండతోనే.

లూసర్న్ నగరంలో సరస్సు ఒడ్డున నిలబడితే దక్షిణాన కనిపించేది ఈ కొండే. ఒక్క శిఖరం కాదు, వరస. అందులో టోమ్లిస్‌హార్న్ అన్నిటికన్నా ఎత్తు, 2,128 మీటర్లు. ఆల్ప్స్‌కి ఉత్తరపు అంచున ఉండటంతో వాయవ్యం నుంచి వచ్చే మబ్బు ముందుగా దీన్నే తగులుకుంటుంది. అక్కడివాళ్లకి దీని మీద వాన సామెత ఉంది: పిలాటస్ మబ్బు టోపీ పెడితే రోజు బాగుంటుంది, మెడపట్టీ కడితే ధైర్యం చేసి బయల్దేరొచ్చు, కత్తి కడితే వాన. జర్మన్‌లో టోపీ 'హూట్', బాగు 'గూట్'. కత్తి 'డేగన్', వాన 'రేగన్'. ప్రాస కుదిరింది కాబట్టే ఇన్నాళ్లు బతికింది.

ఇక కథ. యేసుకి శిక్ష వేసిన పిలాతు చచ్చాక శవాన్ని రోములో టైబర్ నదిలో పడేశారట. నది పొంగింది, తుఫాను లేచింది. తీసి రోన్ నదిలో వేశారు, అక్కడా అదే గోల. చివరికి మనుషులు తిరగని ఈ కొండ మీద చిన్న మడుగులో పడేశారు. ఏటా గుడ్ ఫ్రైడే నాడు న్యాయాధిపతి దుస్తుల్లో నీళ్లలోంచి లేచి చేతులు కడుక్కుంటాడని చెప్పుకునేవారు. మత్తయి సువార్తలో తన తప్పేమీ లేదని చేతులు కడుక్కున్న పిలాతుకి ఇంతకన్నా తగిన శిక్ష ఎవరు కల్పించగలరు!

మడుగులో రాయి వేస్తే ఊరి మీదికి గాలివాన వస్తుందని భయం. లూసర్న్ పాలకులు అక్కడికి వెళ్లడాన్నే నిషేధించారు. 1387లో చెప్పకుండా ఎక్కబోయిన ఆరుగురు మతగురువులకు శిక్ష పడింది. 1555లో కాన్రాడ్ గెస్నర్ అనే పండితుడు అనుమతి తీసుకునే ఎక్కాడు. 1585లో ఊరి మతగురువు యోహాన్నెస్ ముల్లర్ జనాన్ని వెంటేసుకుపోయి, దయ్యాన్ని సవాలు చేస్తూ మడుగులోకి రాళ్లు విసిరాడు. ఏమీ కాలేదు. అయినా 1594లో గట్టుకి గండి కొట్టి నీళ్లు తీసేశారు. భయం పోయిందని నిరూపించాక కూడా మడుగు ఎండగట్టారంటే, భయం ఎంత పోయిందో మీరే అనుకోండి.

నా మటుకు 'టోపీ' అర్థం చదువుకున్నవాళ్లు చేసిన మరమ్మతు. లాటిన్ 'పిలేయాటస్' అంటే టోపీ పెట్టుకున్నవాడు, నిజమే, మబ్బుకీ సరిపోతుంది. కానీ గొర్రెలు, ఆవులు కాసుకునే జర్మన్ పల్లెవాళ్లు కొండకి లాటిన్‌లో ఎందుకు పేరు పెడతారు? దయ్యం కథ చెప్పడానికి సిగ్గేసినవాళ్లు తెచ్చిన అర్థంలా ఉంది. ఇదీ లోకనిరుక్తే, అంటే పేరుకి ఊహించి అల్లిన అర్థమే, కాకపోతే పండితులది. కృష్ణ కొండకి బెజ్జం చేసుకుని పారింది కాబట్టి బెజవాడ అన్నవాళ్లు వీళ్లకన్నా నయం, కనీసం కథైనా చెప్పారు.

ఇంకొకరు: ఒక్క మాట మాస్టారూ. ఆ కొండ పాత పేరు ఫ్రాక్‌మ్యూంట్ కదా? అది లాటిన్ 'ఫ్రాక్టుస్ మోన్స్', విరిగిన కొండ. మరి ఆ పల్లెవాళ్ల నోట లాటిన్ ఎలా వచ్చింది?

జవాబు: మంచి దెబ్బ కొట్టారు. పల్లెవాళ్లకి లాటిన్ రాదన్న నా వాదన అలా నిలవదు. కానీ రెండు పేర్ల రూపం చూడండి. ఫ్రాక్టుస్ నలిగి ఫ్రాక్ అయింది, 'మోన్స్' మ్యూంట్ అయింది. తరతరాలు నోట నానిన తద్భవం అది, మన విద్య విద్దె అయినట్టు. పిలాటస్ చూస్తే చివరి 'స్' కూడా ఊడలేదు. తత్సమంలా బిగుసుకుని ఉంది. జనం టోపీ అన్న అర్థంతో ఏనాడో పెట్టుకున్న పేరైతే అదీ అలాగే అరిగి ఉండాలి. అరగకుండా కాపాడేది ఏది? చర్చి. ఆరాధనలో మళ్లీ మళ్లీ వినపడే ఆ మనిషి పేరు. అందుకే నా ఓటు పిలాతుకే.

ప్రశ్న అడిగినవారు: అంటే కథ ముందు, పేరు తర్వాత అంటారా?

జవాబు: అవునండీ. కొండ విరిగినట్టు ఉంది కాబట్టి ముందు ఫ్రాక్‌మ్యూంట్, కథ వచ్చి కూర్చున్నాక పిలాటస్. పాత పేరు పూర్తిగా పోలేదు. క్రీన్స్ నుంచి కేబుల్ కార్‌లో పైకి వెళ్తే మధ్యలో మారాల్సిన స్టేషన్ ఫ్రెక్‌మ్యూంటెగ్. అటు ఆల్ప్‌నాఖ్‌స్టాడ్ నుంచి 1889లో వేసిన పళ్ల చక్రాల రైలు కూడా ఉంది, వాలు 48 శాతం దాకా. దాన్ని మాత్రం అందరూ పిలాటస్ రైలనే అంటారు.