వేగపడకా, వేగిరపడకా?

పొలంగట్టు: మొదటిసారి బోరు వేయించే రైతుల కోసం కరపత్రం వేస్తున్నాం. పైన సుమతి పద్యం పెడదామని. "వినదగు నెవ్వరు చెప్పిన" వరకు పేచీ లేదు. రెండో పాదం దగ్గరే తగువు. "వినినంతనె వేగపడక" అని ఒకరు, కాదు "వేగిరపడక" అని ఇంకొకరు. ఆ పాదం చివర "వివరింపదగున్", ఆ తర్వాత "కనికల్ల నిజము దెలిసిన / మనుజుడె పో నీతిపరుడు మహిలో సుమతీ". ఏది సరి? ఇంకో సందేహం కూడా. "వివరింపదగున్" అన్నాడు. ఎవరు ఎవరికి వివరించాలి?

కందదాసు: "గిర" తీసేసి "గ" పెట్టండి. కందంలో రెండో పాదానికి అయిదు గణాలు, ఒక్కోటి నాలుగు మాత్రలు. వినినం – తనెవే – గపడక – వివరిం – పదగున్. నాలుగో గణం మొదట యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొంతన. వి-వి సరిపోయింది. "గిర" పెడితే మాత్రలు 21 అవుతాయి, యతిస్థానంలోకి "క" వచ్చి కూర్చుంటుంది. అలాగే మొదటి పాదంలో "నెవరు" అని అచ్చువేయకండి, "నెవ్వరు". ఆ వత్తు లేకపోతే ఒక మాత్ర తగ్గుతుంది.

అరసున్న: మాత్రలు చెప్పారు, అసలు గుర్తు మరిచారు. వినన్ + తగున్, వివరింపన్ + తగున్. ద్రుతం (చివరి న-కారం) మీద సరళాదేశం వచ్చి, అంటే త-కారం ద-కారమై, వినఁదగు, వివరింపఁదగున్ అయ్యాయి. అరసున్నలు వేయాలి. చివర పొల్లు న-కారం కూడా ఉండాలి. "వివరింపదగు" అని ఆపితే ఎనిమిదో గణం (మొదటి పాదంలోని మూడూ కలిపి లెక్క) మూడు లఘువులతో కుంటుతుంది. అక్కడ గురువుతో ముగియాలి.

కందదాసు: మూడో పాదంలో "దెలిసిన"లో ద-కారం కూడా మీ సరళాదేశమేనా?

అరసున్న: కాదు. "నిజము" ప్రథమారూపం, దాని మీది పరుషానికి (క, చ, ట, త, ప) గసడదవాదేశం, అంటే గ, స, డ, ద, వ రావడం. అక్షరం ఒకటే, సూత్రం వేరు. వలలో పడను.

పల్లెపదం: బళ్ళో రాగం తీసి పాడించినప్పుడు "వేగిరపడక" హాయిగా ఇమిడిపోతుంది, అందుకే నోళ్ళలో అదే నిలిచింది. నాకు వేరే అనుమానం. ఇందులో ఉన్నది "వేగు" ఎందుకు కాకూడదు? వేగులవాడిలోని వేగు. వినగానే ఆ వేగును నమ్మి పడిపోవద్దని.

కందదాసు: అలాగైతే "వేగుపడక" అవుతుంది, "వేగపడక" ఎలా వస్తుంది? ఇది వేగము, తొందర. ఊహ ముచ్చటగా ఉంది, వ్యాకరణం ఒప్పుకోదు.

నిఘంటుపురుగు: అసలు ముడి "వివరించు" దగ్గరుంది. ఇవాళ్టి అర్థం, అంటే ఎదుటివాడికి విడమరిచి చెప్పడం, ఇక్కడ అతకదు. సంస్కృతంలో వివరణమంటే మూత తీయడం, విప్పడం. వివరమంటే రంధ్రం కూడా. విన్నమాటను విప్పి లోపల ఏముందో చూసుకోమని.

రాతినేల: రంధ్రం అన్నారు కాబట్టి బోరు సంగతికొస్తాను. పక్క పొలంవాడు "300 అడుగుల్లో రెండించుల నీళ్ళు పడ్డాయి" అంటాడు. అబద్ధం కాదు, అయినా విప్పాలి. ఏ నెలలో వేశాడు? వానల తర్వాత చూసిన రెండించులు మే నెలకు అరించుకు దిగొచ్చు, ఎండిపోనూ వచ్చు. నీళ్ళు మొదట ఏ లోతులో తగిలాయి? 180లోనే తగిలి మిగతాది ఊరికే తొలిచి ఉంటే ఆ 300 మీకు ఖర్చు కిందికే, ఎందుకంటే లోతు పెరిగేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది. కేసింగు (బోరు గోడ కూలకుండా దించే గొట్టం) గట్టిరాయి తగిలేదాకా దించారా? పొదుపు చేసి ముందే ఆపితే మెత్తమట్టి కూలి బోరు పూడుతుంది, మోటారు ఇరుక్కుంటుంది. అన్నిటికన్నా ముందు అడగాల్సింది, ఆ పొలంలో అంతకుముందు ఎన్ని ఫెయిలయ్యాయని. నీళ్ళు పడ్డ బోరు గురించి అందరూ చెప్తారు. ఎండిన వాటి మీద బండరాయి పెట్టేసి ఊరుకుంటారు. నల్లరాతి నేలలో నీళ్ళుండేది పగుళ్ళలో. అతని పగులు మీ గట్టు దాటి వస్తుందన్న హామీ లేదు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి సంగతి కూడా కరపత్రంలో వేయండి.

నిఘంటుపురుగు: మూడో పాదంలో "కని" అన్నది ఇదే. వినడం మొదటి మెట్టు, కనడం రెండోది.

అరసున్న: అంత లోతు లేదండీ. విన, విని, కని, మను. ప్రాస, అంటే పాదాల రెండో అక్షరం, న-కారం. ప్రాస కోసం దొరికిన మాట అది.

నిఘంటుపురుగు: ప్రాస కోసమే అయితే న-కారంతో వందమాటలున్నాయి. "కని" ఎందుకు ఏరుకున్నాడు?

కందదాసు: ప్రాస కోసం తెచ్చినా తెచ్చినట్టు తెలియకుండా ఉండాలంటే తిక్కన దగ్గరికే పోవాలి. "ఒరులేయవి యొనరించిన / నరవర యప్రియము తన మనంబున కగు దా / నొరులకు నవి సేయకునికి / పరాయణము పరమధర్మపథముల కెల్లన్". నాలుగో పాదం చూడండి. "పరాయ" జగణం (లఘువు, గురువు, లఘువు), "మధర్మ" మళ్ళీ జగణం. సరిస్థానాల్లో మాత్రమే వాడాడు, నడకలో చిన్న ఊపు వచ్చింది. సుమతి పద్యంలో రెండు చోట్లా ఆరో గణం నలమే (నాలుగు లఘువులు), "గపడక", "తిపరుడు". నడక చదును.

పల్లెపదం: కందం రాసినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు అన్నారు. చదునైనా కందమే. పిల్లల నోట నిలబడింది ఏది?

కందదాసు: నోట నిలబడిందీ "వేగిరపడక" అనే కదా మరి!

పొలంగట్టు: సరే, "వేగపడక" అనే వేస్తున్నాం. కింద తాత్పర్యంలో "వివరింప"కు "విచారించి" అని రాయమంటారా, "విప్పి చూసి" అనా? రాత్రికి అచ్చుకు పోవాలి.

నిఘంటుపురుగు: విప్పి చూసి.

కందదాసు: విచారించి.

అరసున్న: తాత్పర్యం తర్వాత, ముందు ఫాంటు మార్పిడి చూసుకోండి. యూనికోడు నుంచి డీటీపీ ఫాంటులోకి మార్చేటప్పుడు అరసున్న కాస్తా నిండుసున్న అయిందంటే "వివరింపందగున్" అని పడుతుంది. "పం" గురువై మాత్ర పెరిగి గణం చెడుతుంది. ప్రూఫులో ఆ ఒక్క అక్షరం పెద్దది చేసి చూడండి.