హార్మోనిక్ ట్రాప్‌లో బోసాన్లు: ఎనర్జీ హద్దు దాటిపోతోంది, ఎలా సరిచేయాలి?

ఒకే రేఖ మీద (1D) కదిలే ఒకేలాంటి బోసాన్లను (ఒకే స్థితిలో ఎన్నైనా ఉండగల కణాలు) హార్మోనిక్ ట్రాప్‌లో (స్ప్రింగ్‌లా మధ్యకు లాగే బంధనం) పెట్టి, వాటి మధ్య డెల్టా వికర్షణ (రెండూ ఒకే చోట కలిస్తేనే పనిచేసేది) తీసుకున్నాను. ఆసిలేటర్ స్థితులనే (ఆ ట్రాప్‌లో ఒంటరి కణానికి ఉండే స్థితులు) బేసిస్‌గా పెట్టి, హామిల్టోనియన్‌ను (మొత్తం ఎనర్జీని ఇచ్చే మ్యాట్రిక్స్) డయాగనలైజ్ చేసి ఎనర్జీలు రాబడుతున్నాను.

వికర్షణ అనంతమైతే ఎనర్జీ ఎంతుండాలో భౌతిక శాస్త్రవేత్త గిరార్డో 1960లోనే తేల్చేశాడు: పరస్పర చర్య లేని, స్పిన్ లేని ఫెర్మియాన్ల (ఒక్కో స్థితిలో ఒక్కటే ఉండగల కణాలు) ఎనర్జీయే. రెండు కణాలకు ½ + 3/2, అంటే 2 ħω (ħω అంటే ట్రాప్‌లో ఒక్కో ఎనర్జీ మెట్టు ఎత్తు). ఐదింటికి 12.5 ħω. వికర్షణ ఎంత పెంచినా గ్రౌండ్ స్టేట్ అంతకు మించకూడదు కదా! నా కోడ్‌లో రెండు కణాలకే 2 దాటిపోతోంది. వికర్షణ తక్కువగా ఉంటే మాత్రం 1998 నాటి బుష్ సమీకరణంతో (ట్రాప్‌లో రెండు కణాల ఎనర్జీని కచ్చితంగా ఇచ్చేది) చక్కగా సరిపోతోంది, కాబట్టి మ్యాట్రిక్స్ ఎలిమెంట్ల మీద నాకు అనుమానం లేదు.

రెండు కణాలు కలిసే చోట వేవ్ ఫంక్షన్‌కు పదునైన మలుపు వస్తుంది, నున్నటి ఆసిలేటర్ ఫంక్షన్లు కొన్నే ఉంటే అది పట్టుబడదు. ఇంతవరకు అర్థమైంది. బేసిస్ పెంచితే ఎనర్జీ తగ్గుతోంది గానీ నత్తనడకే. ఐదు కణాలకు మెమొరీ చాలదు.

బుష్ ఎనర్జీ వచ్చేలా డెల్టా బలాన్ని బేసిస్‌కు తగ్గట్టు సవరించి, అదే విలువను ఐదు కణాలకూ వాడొచ్చా? ఎనర్జీ వరకు సరే అనుకున్నా, మొమెంటం డిస్ట్రిబ్యూషన్ (ఏ మొమెంటంతో కణాలు ఎంత మేర ఉన్నాయనేది) నమ్మదగినట్టు వస్తుందా? అసలు నాకు కావాల్సింది అదే, ఫెర్మియాన్లకూ వీటికీ తేడా బయటపడేది అక్కడే. ఇలాంటి లెక్క చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.