‘అణచే మందు’ అనాలా, ‘దూకుడు తగ్గించే మందు’ అనాలా?

సభ్యులందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర ఆగిపోయాను, సాయం చేయండి.

మా అమ్మకు సీఐడీపీ అని తేలింది. రోగాలతో పోరాడాల్సిన ఒంట్లోని కాపలా, నరాల మీది మైలిన్ పొర మీదే పడే జబ్బు. అరికాళ్ళ తిమ్మిర్లతో మొదలై, రెండు నెలలు దాటేసరికి మెట్లెక్కలేకపోయింది. స్టెరాయిడ్లతో కోలుకుంది గానీ షుగర్ పెరిగింది. స్టెరాయిడ్ డోసు తగ్గించుకుంటూ రావాలంటే అజాథయోప్రిన్ మొదలుపెడదామని డాక్టరు గారి సలహా. ఆయన ‘ఇమ్యునోసప్రెసెంట్’ అన్నారు. నేను ఇంటికొచ్చి ‘రోగనిరోధక శక్తిని అణచే మందు’ అని చెప్పాను.

‘ఉన్న శక్తిని కూడా అణిచేస్తే ఇంకేం మిగులుద్దిరా?’ అంది అమ్మ. కరోనా రోజుల్లో ఇమ్యూనిటీ పెరగాలని ఇంటిల్లిపాదికీ కషాయం కాచి తాగించిన మనిషి మరి.

చిక్కంతా ‘శక్తి’ అన్న మాటలోనే ఉందనిపిస్తోంది. ఇమ్యూన్ సిస్టమ్ ఒక ఏర్పాటు. దాన్ని శక్తి అనేసరికి ఎంత ఉంటే అంత మంచిది, తగ్గితే నీరసం అన్న అర్థం వచ్చేస్తోంది. వేరే మాట ఉందా?

— కంచే చేను మేసినట్టు అని చెప్పి చూడండి. పెద్దవాళ్ళకు ఇట్టే తెలుస్తుంది.

— చెప్పానండీ, జబ్బేమిటో వెంటనే అర్థమైంది. ‘అయితే కంచె పీకేస్తారా?’ అని అడిగింది! నా దగ్గర జవాబు లేకపోయింది.

— నేను స్టాఫ్ నర్సుని. ఇంకో మాట కూడా చూసుకోండి అన్నా. సెలైన్ పెట్టేటప్పుడు మేం ‘నరం దొరకట్లేదు’ అంటాం. అది రక్తనాళం. నరాల జబ్బు వాళ్ళు ఆ మాటకు హడలిపోతారు. రెంటికీ మన వాడుకలో ‘నరమే’ కదా.

— ‘దూకుడు తగ్గించే మందు’ అంటే సరిపోతది. అమ్మకు భయముండదు.

— ఆ మాట నాకు బాగా నచ్చింది. రాత్రంతా ఆలోచించాక మాత్రం అదొక్కటే చెప్పకూడదనిపించింది. ఈ మందు తప్పుదారి పట్టిన కణాలను మాత్రమే ఏరి పట్టుకోదు, మంచి కాపలానూ కొంత తగ్గిస్తుంది. అందుకే ముందుగా టీబీ, హెపటైటిస్ బి ఉన్నాయేమో చూస్తారు. తర్వాత రక్తకణాలు, లివర్ పరీక్షలు క్రమం తప్పకుండా చేయించాలి. ఎన్‌యూడీటీ15 అనే జన్యువులో తేడా ఉన్నవాళ్ళకు మామూలు డోసుకే తెల్లకణాలు బాగా పడిపోవచ్చు. ఆ తేడా ఆసియా వాళ్ళలో తక్కువేమీ కాదు. పైగా గుణం కనిపించడానికి నెలలు పడుతుంది, అప్పటిదాకా స్టెరాయిడ్ హఠాత్తుగా ఆపకూడదు. ఐవీఐజీ అని, దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను రక్తనాళంలోకి ఎక్కించే వైద్యం ఉంది గానీ, మొదటి కోర్సే కిలో బరువుకు 2 గ్రాములు. అరవై కిలోల మనిషికి 120 గ్రాములు. దాని ఖర్చు మాకు భారం.

ఇదంతా తెలియకుండా అమ్మ సరే అంటే, అది నా మాటతీరు చూసి అన్న సరే అవుతుంది.

అందుకని పొద్దున రెండు మాటలూ చెప్పాను. దూకుడు తగ్గిస్తుంది, కాపలా కూడా పలచబడుతుంది అని. ఈసారి భయపడలేదు. ‘జ్వరమొస్తే ఎన్ని గంటల్లోపు రావాలో, ఎవరికి ఫోన్ చేయాలో కనుక్కుని రా, అప్పుడు చెప్తా’ అంది.