ఫీమర్ (తొడ ఎముక) ఒక్కటే ఉంది: ఎత్తు 157.6 అనాలా, 162.8 అనాలా?

పీజీ_రెండో_ఏడు
అస్థిపంజరంలో పూర్తిగా మిగిలిన పొడవాటి ఎముక కుడి ఫీమర్ ఒక్కటే. కటి ఎముకను బట్టి మగ. ఎముకల చివర్లన్నీ అతుక్కున్నాయి కాబట్టి పెద్దవాడే. పొడవు 42.6 సెం.మీ. ఎత్తు కోసం పుస్తకంలోని గుణకం 3.7తో గుణిస్తే 157.6 వస్తోంది, ఎముక పొడవు నుంచి ఎత్తు లెక్కించే ట్రాటర్–గ్లేసర్ సూత్రంలో (2.38 × ఫీమర్ + 61.41) 162.8. రిపోర్టులో ఏది రాయాలండీ?

బోర్డు_కాలిపర్
ముందు ఆ 42.6 ఎలా వచ్చిందో చూసుకోండి. టేపుతో కొలిస్తే ఎముక వంపు కూడా కలిసిపోతుంది. ఆస్టియోమెట్రిక్ బోర్డు (ఎముకలు కొలిచే పలక) మీద, మోకాలి వైపు చివర ఉండే రెండు గుండ్రటి ఉబ్బుల్లో (కాండైల్స్) లోపలి కాండైల్‌ని నిలువు పలకకు ఆనించి, జరిగే పలకను ఫీమర్ తలకు తగిలించి, ఎముకను మెల్లగా అటూ ఇటూ కదపాలి. అందులో వచ్చిన అతి పెద్ద రీడింగే గరిష్ఠ పొడవు. రెండు కాండైల్స్‌నీ పలకకు ఆనిస్తే వచ్చేది వేరే కొలత, కొన్ని మిల్లీమీటర్లు తక్కువ. ఈ సూత్రానికి గరిష్ఠ పొడవే కావాలి. 4 మి.మీ. తేడా వస్తే ఎత్తులో దాదాపు 1 సెం.మీ. తప్పు. మృదులాస్థి అంటుకుని ఉంటే తీసేసి, ఎముక ఆరాక కొలవండి.

లెక్కలమాస్టారు
గుణకం పద్ధతిలో ఉన్న తిరకాసు ఇది: కాలు ఎంత పొట్టిదైతే మనిషీ అదే నిష్పత్తిలో పొట్టి అనుకుంటుంది. నిజానికి మొండెం, తల అంతగా తగ్గవు. 38 సెం.మీ. ఫీమర్‌కి 3.7 గుణకం 140.6 ఇస్తుంది, ట్రాటర్ సూత్రం 151.9 ఇస్తుంది. 48కి వెళ్తే తలకిందులు: 177.6, 175.7. పొట్టివాణ్ణి మరీ పొట్టి చేస్తుంది, పొడుగువాణ్ణి మరీ పొడుగు. పైగా మన పుస్తకాల్లో ఫీమర్ గుణకం ప్రాంతాన్ని బట్టి 3.6 నుంచి 3.8 దాకా ఉంది. మీ ఎముకకే 153.4 నుంచి 161.9 దాకా వస్తుంది!

దక్కన్_ఎముక
అలాగని ట్రాటర్‌ని కళ్ళకద్దుకోనక్కర్లేదు. 1952 నాటి ఆ సూత్రం అమెరికా తెల్లజాతి మగవాళ్ళది. మనవాళ్ళ మొండెం–కాళ్ళ నిష్పత్తి అదే అని ఎవరూ హామీ ఇవ్వలేదు. మన ప్రాంతపు రిగ్రెషన్ సూత్రం (ఇలాగే మనవాళ్ళ కొలతల నుంచి తేల్చినది) దొరికితే అదే వాడండి. లేకపోతే ఏ జనాభా సూత్రం వాడారో రిపోర్టులో రాయండి.

టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక) దొరికినా ట్రాటర్ టిబియా సూత్రంతో జాగ్రత్త. చీలమండ దగ్గర లోపలి వైపు పొడుచుకొచ్చే మల్లియోలస్‌ని కలిపి కొలవమని నిర్వచనం చెప్పింది, కొలిచింది మాత్రం అది వదిలేసి. 1995లో జాంట్జ్ బృందం దీన్ని బయటపెట్టింది. నిర్వచనం నమ్మి కొలిస్తే ఎత్తు 2.5–3 సెం.మీ. ఎక్కువొస్తుంది.

లెక్కలమాస్టారు
అసలు విషయం మిగిలిపోయింది. ఆ సూత్రం పక్కన ఉండే ± 3.27 స్టాండర్డ్ ఎర్రర్ (అంచనాలో మామూలుగా ఉండే తేడా) మాత్రమే, గరిష్ఠ పొరపాటు కాదు. ముగ్గురిలో ఒకరు దాని బయటే ఉంటారు. 95 శాతం మంది పడే పరిధి కావాలంటే దాన్ని రెట్టింపు చేయండి: 156.3 నుంచి 169.3. మీ 157.6 కూడా అందులోనే ఉంది చూశారా!

పీజీ_రెండో_ఏడు
అంత పెద్ద పరిధి ఇస్తే ఐఓ (దర్యాప్తు అధికారి) గారు ఊరుకోరు, ఒక్క అంకె చెప్పమంటారు.

దక్కన్_ఎముక
ఒక్క అంకె ఇస్తే ఏమవుతుందో చెప్తాను. మిస్సింగ్ కేసులో ఇంట్లోవాళ్ళు "5 అడుగుల 6 అంగుళాలు" అని రాయిస్తారు, అంటే 167.6. అది చాలాసార్లు కళ్ళతో అంచనా, చెప్పులతో సహా. ఆధార్‌లో ఎత్తు ఉండదు. మీరు 157.6 అని రాస్తే ఆ ఫైలు పక్కకు పోతుంది, పరిధి రాస్తే నిలబడుతుంది. పోలీసు సెలక్షన్లకు వెళ్ళినవాడైతే అక్కడ కొలిచిన ఎత్తు అడిగి తెప్పించమనండి, అది గట్టిది.

వయసు 30 దాటితే ఏడాదికి 0.06 సెం.మీ. తీసేయాలి, 60 ఏళ్ళకు 1.8. వయసు తేలకపోతే తీయకండి, తీయలేదని రాయండి.

బోర్డు_కాలిపర్
రాసే వాక్యం ఇలా ఉంటే చాలు: "కుడి ఫీమర్ గరిష్ఠ పొడవు 42.6 సెం.మీ., వాడిన సూత్రం ఫలానా, బతికున్నప్పటి ఎత్తు సుమారు 156 నుంచి 169 సెం.మీ. మధ్య, వయసు సవరణ చేయలేదు." గుర్తింపు డీఎన్ఏ చూసుకుంటుంది. ఈ అంకె పని సరిపోని ఫైళ్ళను తీసేయడం వరకే.