సాల్ కార్ట్‌రైట్: తెలుగులో ఈ పేరును ఏం చేయాలి?

ప్రశ్న: పాత బ్యాట్‌మన్ కామిక్ ఒకటి పిల్లల కోసం తెలుగులో రాస్తున్నానండీ. అందులో ‘ఆలివర్ ట్విస్ట్స్’ అనే బ్యాండ్, సాల్ కార్ట్‌రైట్ అనే పాటగాడు వస్తారు. ఈ పేర్లకు మన పేర్లేమైనా పెట్టొచ్చా?

జవాబు: దయచేసి పెట్టకండి. సగం కథ ఆ పేర్లలోనే ఉంది. అది 1970 జూన్ నాటి 222వ సంచిక, రాసింది ఫ్రాంక్ రాబిన్స్. అంతకుముందు ఏడాదే అమెరికాలో ఒక పుకారు గుప్పుమంది. బీటిల్స్ అనే ఇంగ్లండ్ బ్యాండ్‌లో పాటగాడు పాల్ మెక్‌కార్ట్‌నీ ఎప్పుడో చనిపోయాడని, అతని పోలికలున్న ఇంకెవర్నో నిలబెట్టారని. వాళ్ల ‘ఆబీ రోడ్’ ఆల్బమ్ అట్ట మీద పాల్ ఒక్కడే చెప్పుల్లేకుండా రోడ్డు దాటుతుంటాడు, దాన్నీ సాక్ష్యం కింద చూపించారు. ఇంకా ఆధారాల కోసం పాటల్ని వెనక్కి తిప్పి మరీ విన్నారు. కామిక్‌లో సాల్ మీద వచ్చేదీ అలాంటి పుకారే.

ఇప్పుడు పేరు చూడండి. పాల్‌లో మొదటి అక్షరం మారిస్తే సాల్. మెక్‌కార్ట్‌నీ నడుమ ఉన్న ‘కార్ట్’, కార్ట్‌రైట్‌లో ముందుకొచ్చింది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకొకటుంది. ఇంగ్లీషు సాల్, పాల్ మన తెలుగు బైబిల్‌లో సౌలు, పౌలు. అది చదివేవాళ్లకు ఆ రెండూ ఒక్క మనిషి పేర్లే. అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయం దాకా సౌలు, ఆ తర్వాత పౌలు. ‘ఇతను అతనేనా, వేరేవాడా?’ అన్నదే కథ అయినప్పుడు ఇంతకంటే అతికే పేరు ఏముంటుంది!

బ్యాండ్ పేరూ అంతే. బీటిల్స్ అన్నదే ఒక శ్లేష, పురుగు పేరులో ‘బీట్’ను ఇరికించారు. దానికి దీటుగా డికెన్స్ నవలలోని అనాథ కుర్రాడి పేరు తెచ్చారు. ట్విస్ట్ అప్పట్లో ఊపేసిన డాన్సు, 1963లో బీటిల్స్ పాడిన ఒక పాట పేరులోనూ ఉంది. మనం రోజూ అనే ‘కథలో ట్విస్ట్’ సరేసరి. (కామిక్ చదవనివాళ్లు తర్వాతి రెండు వాక్యాలు వదిలేయండి.) చనిపోయింది సాల్ కాదు, మిగతా ముగ్గురూ. వాళ్ల చోట కొత్తవాళ్లను పెట్టుకున్నది సాలే!

ప్రశ్న: అయితే ‘సౌలు’ అనే రాసేయనా?

జవాబు: వద్దండీ. బీటిల్స్ పాల్‌ను మనమెవరమూ పౌలు అనం. పాల్ పక్కన సాల్ ఉంటేనే చెవికి తగులుతుంది. ఆ పుకారు సంగతి మాత్రం మొదటి పేజీలోనే నాలుగు ముక్కల్లో చెప్పేయండి. అది తెలియని పిల్లలకు సాల్ ఎవరో ఒక పాటగాడే అవుతాడు.